జబ్బు రక్తంలోనే ఉందా?

ఈ యేటి సంచికకు ఏదైనా రాసిమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, క్రమశిక్షణ మీదో నిరుద్యోగం మీదో నాలుగు పేజీలు రాసిచ్చి చేతులు దులుపుకుందామనుకున్న మాట నిజం. కాని ఏది మొదలుపెట్టినా కలం ఒక చోటికే పోతూ వచ్చింది. అది మా హాస్టల్ గదిలో నా పక్క మంచం.

ఆ మంచం మీద పడుకునే మిత్రుడు మన్యం నుంచి వచ్చినవాడు. నెమ్మదస్తుడు. చదువులో నాకంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే. కాని నెలకో రెండు నెలలకో, ముఖ్యంగా చలికాలంలో, అర్ధరాత్రి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని మూలిగేవాడు. ఎక్కడరా నొప్పి అంటే "ఎముకల లోపల" అనేవాడు. మర్నాడు క్లాసుకు వచ్చేవాడు కాదు. ఒకసారి పరీక్షకే రాలేదు. "పరీక్షలొస్తే వీడికి నొప్పులొస్తాయిరా" అని గదిలో అందరం నవ్వుకున్నాం. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆసుపత్రికి తీసుకుపోతే, డ్యూటీలో ఉన్న డాక్టరుగారు కాళ్లు నొక్కి చూసి, వాపు లేదు, దెబ్బ లేదు అని ఒక బిళ్ళ రాసిచ్చి, "ఇంటిమీద బెంగా బాబూ?" అని నవ్వుతూ పంపేశారు. రెండో సంవత్సరంలో జరిగిన రక్తపరీక్షల శిబిరంలో గాని అసలు సంగతి తేలలేదు. వాడిది సికిల్ సెల్ జబ్బు. అంటే కొడవలి కణాల రక్తహీనత.

సిగ్గుపడవలసిన విషయం ఏమిటంటే, అప్పటికే మేం ఆ పాఠం చదివి ఉన్నాం! జీవశాస్త్రం చదివిన ప్రతివారికీ ఆ బొమ్మ తెలుసు. ఒక పక్క గుండ్రని ఎర్ర రక్తకణం, మరో పక్క వంగిన కొడవలి కణం. ప్రకృతివరణానికి ఉదాహరణగా పది మార్కుల ప్రశ్న. ఆ ప్రశ్నకు నాకు తొమ్మిది మార్కులొచ్చాయి. పుస్తకంలో కణం ఉంది, మనిషి లేడు. మనిషి నా పక్క మంచం మీద ఉన్నాడు. వాణ్ణి నేను గుర్తుపట్టలేదు.

అప్పటినుంచి ఈ జబ్బు చరిత్ర వెతుక్కుని చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ అది అమెరికాలో, ఆఫ్రికాలో, బ్రిటన్‌లో ఉన్న నల్లజాతి ప్రజల చరిత్రగా నా ముందు విప్పుకున్నది. ఆ చరిత్ర నాకు చెప్పింది ఒక్కటే. జబ్బు రక్తంలో ఉన్నదేగాని, దానితో పాటు వచ్చే అన్యాయం రక్తంలో లేదు. ఎవరి నొప్పిని లోకం నమ్ముతుంది, ఎవరి నొప్పిని నమ్మదు అన్న దాంట్లో ఉంది. ఈ మాట రుజువు చెయ్యడానికే ఈ వ్యాసం.

వైద్యశాస్త్రం కాగితం మీద పెట్టిన మొట్టమొదటి సికిల్ సెల్ రోగి ఎవరో తెలుసా మిత్రులారా? మనలాగే ఒక కాలేజీ విద్యార్థి! పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. కరీబియన్ సముద్రంలోని గ్రెనడా దీవి నుంచి 1904లో దంతవైద్యం చదవడానికి చికాగో వచ్చిన నల్లజాతి యువకుడు. ఊపిరాడక, నీరసంతో ఆసుపత్రిలో చేరితే, అక్కడి యువవైద్యుడు అర్నెస్ట్ ఐరన్స్ అతని రక్తంలో కొడవలి ఆకారపు కణాలు చూశాడు. ఐరన్స్ పై డాక్టరు జేమ్స్ హెరిక్ 1910లో దాన్ని ప్రకటించాడు. హెరిక్ పేరు చరిత్రలో నిలిచింది. ఆ ప్రకటనలో రోగి పేరు లేదు. నోయెల్ చదువు పూర్తిచేసి, గ్రెనడా తిరిగిపోయి, పళ్ళ డాక్టరుగా పనిచేస్తూ 1916లో న్యుమోనియాతో చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్లు.

అమెరికాకు 1910లో తెలిసిన ఈ జబ్బు ఆఫ్రికాకు అంతకు ఎన్నో తరాల ముందే తెలుసు. ఘనా దేశంలోని గా భాషలో దీనికున్న పేరు, ఎముకల్లో పదేపదే తొలిచే నొప్పిని ధ్వనిలోనే పట్టి చూపే పేరు. ఆ దేశపు వైద్యుడు కోనోటే-అహులు తన వంశంలోనే ఈ జబ్బును తరం తరువాత తరంగా 1670 దాకా వెనక్కి లెక్కగట్టి చూపించాడు. అమ్మలకూ అమ్మమ్మలకూ తెలిసిన సంగతిని సూక్ష్మదర్శిని చూసేదాకా లోకం నమ్మలేదు. నమ్మకపోవడం అన్నది అక్కడే మొదలయింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. "ఇది నల్లవాళ్ల జబ్బు" అని చాలాకాలం వైద్యులే రాశారు. అది తప్పు. ఇది మలేరియా ఉన్న నేలల జబ్బు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా మార్పు చెందిన జన్యువు వస్తేనే జబ్బు. ఒకవైపు నుంచే వస్తే వాహకుడు మాత్రమే. వాహకుడికి ప్రమాదకరమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుందని ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశోధించి 1954లో చెప్పాడు. అందుకే ఈ జన్యువు ఆఫ్రికాలోనే గాక గ్రీసులో ఉంది, అరేబియాలో ఉంది, మన దేశంలోనూ ఉంది. నీలగిరి గిరిజనుల్లో దీన్ని 1952లోనే కనుగొన్నారు. మన మన్యంలో, ఆదిలాబాదు అడవుల్లో ఉన్న గిరిజనుల్లోనూ ఉంది. అంటే దోమ మనిషి రంగు చూడలేదు. రంగు చూసింది మనుషులు.

ఎట్లా చూశారో చెబుతాను. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఈ జబ్బుకు కారణం హిమోగ్లోబిన్ అణువులోని తేడా అని నిరూపించింది. అణువు స్థాయిలో కారణం తెలిసిన జబ్బుల్లో ప్రపంచంలోనే ఇది మొదటిది. కొన్నేళ్లకే వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో ఉన్నదని చూపించాడు. ఇంత ముందుగా గుట్టు తెలిసిన జబ్బుకు మందు కూడా అందరికంటే ముందు రావాలి గదా? రాలేదు. విజ్ఞానశాస్త్రం ఆ అణువును ప్రేమించింది. ఆ అణువును మోస్తున్న మనిషిని మాత్రం వీధిలోనే నిలబెట్టింది.

నా మాట కోపంతో అన్నట్టుంటే, లెక్క చూడండి. 1970లో రాబర్ట్ స్కాట్ అనే వైద్యుడు అమెరికా వైద్య పత్రికలో ఒక పోలిక ప్రచురించాడు. 1967లో ఆ దేశంలో కొత్తగా వచ్చిన సికిల్ సెల్ కేసులు సుమారు 1,155. ఎక్కువగా తెల్లపిల్లలకు వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్ కేసులు 1,206. అంటే ఇంచుమించు సమానం. కండరాలు క్షీణించే మస్క్యులర్ డిస్ట్రఫీ కేసులు 813, అంటే ఇంకా తక్కువ. స్వచ్ఛంద సంస్థలు పోగుచేసిన విరాళాలు మాత్రం మస్క్యులర్ డిస్ట్రఫీకి 79 లక్షల డాలర్లు, సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు 19 లక్షల డాలర్లు, సికిల్ సెల్‌కు లక్ష డాలర్లకు లోపు! జబ్బుల బరువు ఒకటే అయినప్పుడు తక్కెడ ఇంతగా ఎందుకు మొగ్గింది? దీనికి జవాబు జన్యుశాస్త్రంలో దొరకదు.

ఆ తక్కెడను కదిలించింది ఆ ప్రజలే. 1971 నుంచి బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్తలు తమ పేటల్లో ఉచిత వైద్యశాలలు నడుపుతూ, వేలాదిమందికి సికిల్ సెల్ రక్తపరీక్షలు చేశారు. తుపాకులు పట్టినవాళ్లుగా మాత్రమే పత్రికలు చూపించిన ఆ యువకులు సూదీ స్లైడూ కూడా పట్టుకున్నారన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ప్రభుత్వానికి కదలక తప్పలేదు. 1972 మే నెలలో అధ్యక్షుడు నిక్సన్ జాతీయ సికిల్ సెల్ నియంత్రణ చట్టం మీద సంతకం పెట్టాడు.

అయితే ఆ విజయంలోనే ఒక చేదు కూడా ఉంది. దాన్ని మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. తొందరలో కొన్ని రాష్ట్రాలు నల్లవారికి పరీక్షలు నిర్బంధం చేశాయి. జబ్బు లేని వాహకులను కూడా రోగులకింద జమకట్టారు. కొందరికి ఉద్యోగాలు పోయాయి, కొందరికి బీమా పోయింది. అమెరికా వైమానిక దళ అకాడమీ అయితే వాహకులను చేర్చుకోవడమే మానేసి, కోర్టు వ్యాజ్యం పడ్డాక 1981లో గాని ఆ నిషేధం ఎత్తివేయలేదు. పరీక్ష చెయ్యడం మంచిదే. పరీక్ష తరువాత వైద్యమూ, సలహా చెప్పేవారూ, రహస్యం కాపాడే పద్ధతీ లేకపోతే, ఆ కాగితం మందుచీటీ కాదు, నొసటి మీద పచ్చబొట్టు అవుతుంది.

ఇక మందు సంగతి. మర్లిన్ గాస్టన్ అనే నల్లజాతి వైద్యురాలు 1964లో ఫిలడెల్ఫియాలో కొత్తగా హౌస్ డాక్టరుగా ఉన్నప్పుడు చెయ్యి వాచిన ఒక పసిబిడ్డను చేర్చుకున్నది. దెబ్బ తగిలిన గుర్తు లేదు. సికిల్ సెల్ అన్న ఆలోచనే ఆమెకు రాలేదు. పై డాక్టరు చెబితే గాని రక్తం పరీక్షించలేదు. నాకు తట్టలేదే అన్న ఆ బాధ ఆమె జీవితాన్నే మార్చింది. సికిల్ సెల్ పిల్లలకు తేలికగా సోకి ప్రాణం తీసే న్యుమోకోకస్ క్రిమి నుంచి మామూలు పెన్సిలిన్ కాపాడగలదా అని 215 మంది పసిపిల్లల మీద జరిగిన పరీక్షకు ఆమె నాయకత్వం వహించింది. ఫలితం 1986లో వచ్చింది. రోజుకు రెండుసార్లు నోటితో వేసే పెన్సిలిన్ ఆ ఇన్ఫెక్షన్లను నూటికి 84 వంతులు తగ్గించింది! ఇంకా చెయ్యనక్కరలేదని పరీక్షను ఎనిమిది నెలల ముందే ఆపేశారు.

పెన్సిలిన్ ఎప్పటిది? 1940లలోనే బజారులోకి వచ్చినది. ఖరీదైన మందేమీ కాదు. ఆ నలభై యేళ్లలో ఎందరు పసివాళ్లు రాలిపోయారో లెక్క చెప్పేదెవరు? వారిని చంపింది కణమా, ఆ కణాన్ని ఎవరూ పట్టించుకోకపోవడమా?

మిత్రులు కొందరు అనవచ్చు: "ఇదంతా పేదరికం సంగతి. డబ్బు లేనివాడికి ఏ రంగైనా ఒకటే." ఈ వాదంలో నిజం ఉంది. కాని పూర్తి నిజం లేదు. అమెరికాలో అత్యవసర విభాగాల లెక్కలు తీసి 2013లో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారం, సికిల్ సెల్ రోగులు తక్కినవారికంటే 25 శాతం ఎక్కువసేపు వేచి ఉండవలసి వచ్చింది. చెయ్యో కాలో విరిగి వచ్చినవారితో పోలిస్తే 50 శాతం ఎక్కువ. విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనబడుతుంది. ఈ నొప్పి ఏ ఎక్స్‌రేలోనూ కనబడదు, రోగి మాటలోనే ఉంటుంది. ఆ మాటను నమ్మాలి. "మత్తుమందు కోసం వచ్చాడేమో" అన్న అనుమానం నమ్మకానికి అడ్డం నిలబడుతుంది.

ఆ అనుమానం ఎక్కడ పుడుతుందో కూడా తెలిసింది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 2016లో వెలువడిన పరిశోధనలో, తెల్లజాతి వైద్య విద్యార్థులూ జూనియర్ డాక్టర్లూ కలిపి సుమారు సగం మంది, నల్లవారి చర్మం మందం వంటి అబద్ధాల్లో కనీసం ఒకదాన్ని నిజమని నమ్ముతున్నట్టు తేలింది. అట్లా నమ్మినవారు నల్ల రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. వీరు చదువురానివారు కారు. రేపటి డాక్టర్లు. నాకు తొమ్మిది మార్కులు వచ్చినట్టే వారికీ మంచి మార్కులే వచ్చి ఉంటాయి.

ఇక బ్రిటన్ చూడండి. అక్కడ ప్రభుత్వ వైద్యం ఉచితం. డబ్బే కారణమైతే అక్కడ ఈ సమస్య ఉండకూడదు. 2019 ఏప్రిల్‌లో లండన్‌లో ఇరవై ఒక్క యేళ్ల సికిల్ సెల్ యువకుడు ఆసుపత్రి మంచం మీద ఉండి, ఆక్సిజన్ అడిగితే ఇవ్వడం లేదని, 999 అత్యవసర నంబరుకు తానే ఫోన్ చేసుకున్నాడు. ఆసుపత్రిలో ఉండి అంబులెన్సుకు ఫోన్ చెయ్యడం! ఆ కుర్రవాడు బతకలేదు. ఆ తరువాత పార్లమెంటు సభ్యుల బృందం జరిపిన విచారణ నివేదిక 2021 నవంబరులో వచ్చింది. దానికి వారు పెట్టిన పేరు 'ఎవరూ వినడం లేదు'. ఆ యువకుడు మన వయసువాడు. ఈ పేరాను రెండోసారి చదవడం నాకు కష్టమైంది.

ఆఫ్రికాకు వెళ్తే పేదరికమూ నిర్లక్ష్యమూ చేతులు కలిపి నడుస్తాయి. 2021లో ప్రపంచంలో ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు సుమారు 5,15,000 మంది. వారిలో నూటికి 75 మందికి పైగా సహారాకు దక్షిణాన ఉన్న దేశాల్లోనే పుట్టారు. అమెరికాలో పుట్టగానే పరీక్ష చేస్తారు గనుక నూటికి 90 మందికి పైగా పిల్లలు పెరిగి పెద్దవారవుతున్నారు. పరీక్షే లేని ఆఫ్రికా పల్లెల్లో సగం మందో అంతకంటే ఎక్కువమందో అయిదో పుట్టినరోజు చూడరని అంచనా. ఒకే జన్యువు, ఒకే కణం. పుట్టిన చోటు మారితే ఆయుష్షు మారిపోతున్నది.

చెయ్యగలిగింది లేదా అంటే ఉంది, చేసి చూపించారు కూడా. ఘనా వాడైన క్వాకు ఓహెనే-ఫ్రెంపాంగ్ అమెరికాలో విద్యార్థిగా ఒక ఉపన్యాసం వింటూ, చిన్నప్పుడు తన బంధువును పొట్టనబెట్టుకున్నది ఈ జబ్బేనని గ్రహించాడట. ఆయన పెద్ద డాక్టరై, 1990లలో స్వదేశంలోని కుమాసీలో పుట్టిన బిడ్డలకు రక్తపరీక్ష మొదలుపెట్టించాడు. హైడ్రాక్సీయూరియా అనే బిళ్ళ ఉంది. పెద్దవారిలో నొప్పుల దాడులను సుమారు సగానికి తగ్గిస్తుందని 1995లో తేలింది. ఆఫ్రికా పిల్లలకు అది సరిపడదేమో, మలేరియా పెరుగుతుందేమో అన్న భయాలు ఉండేవి. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండా పిల్లల మీద జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో నొప్పులూ, ఇన్ఫెక్షన్లూ, మరణాలూ, చివరికి మలేరియా కూడా తగ్గాయి. భయపడుతూ కూర్చోవడమే ప్రమాదమని అర్థమైంది.

2023 డిసెంబరులో అమెరికాలో సికిల్ సెల్‌కు రెండు జన్యు చికిత్సలకు అనుమతి వచ్చింది. అద్భుతమే, కాదనను. కాని ఒకదాని ధర 22 లక్షల డాలర్లు, రెండోదాని ధర 31 లక్షల డాలర్లు. చవకైన దాన్నే రూపాయల్లో చెబితే అప్పటి లెక్కన సుమారు 18 కోట్లు! చంద్రుడి మీదికి నిచ్చెన వేశాం, ఇంటి ముందు మెట్టు కట్టడం మరిచాం అన్నట్టుంది. జన్యు చికిత్సను నేను వ్యతిరేకించడం లేదు. బిడ్డ పుట్టగానే ఒక చుక్క రక్తం, అయిదేళ్లు పెన్సిలిన్, ఆపైన హైడ్రాక్సీయూరియా, నొప్పి అన్నప్పుడు నమ్మే డాక్టరు – ఈ నాలుగూ ముందు అందరికీ దక్కాలంటున్నాను. అవి దక్కకుండా పై అంతస్తు కడితే, అందులో కాపురం చేసేది మళ్లీ ఉన్నవాళ్లే.

మన దేశంలో 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. ఏడు కోట్ల మందికి పరీక్షలు చెయ్యాలన్నది లక్ష్యం. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. 1952లో కనుగొన్న జబ్బుకు 71 ఏళ్ల తరువాత! ఆలస్యమైనా మంచిదే. కాని 1970లలో అమెరికా నల్లజాతి ప్రజలు పడిన బాధ మన గిరిజనులు మళ్లీ పడకూడదు. చేతిలో పెట్టే కార్డు మందు తెచ్చిపెట్టాలి గాని పెళ్లి చెడగొట్టకూడదు.

ఇక మనం చెయ్యవలసింది ఏమిటి? రేపు మనలో కొందరు మేష్టర్లవుతారు, కొందరు వైద్యరంగంలోకి పోతారు, కొందరు ఆఫీసర్లవుతారు. పాఠం చెప్పేటప్పుడు కొడవలి కణంతో పాటు వాల్టర్ నోయెల్ పేరు కూడా చెప్పండి. రక్తదాన శిబిరం పెడితే తప్పించుకోకండి. ఈ రోగుల్లో అనేకులకు రక్తం ఎక్కించవలసి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా నొప్పి అంటే నవ్వకండి. నమ్మడానికి ఏ చట్టమూ, ఏ నిధులూ అక్కరలేదు.

నా మిత్రుడు ఇప్పుడు మందు వాడుతున్నాడు. ఈ చలికాలంలో ఒక్కసారే మంచం పట్టాడు. ఆ రాత్రి నేను వేడినీళ్ల సీసా తెచ్చి, తాగడానికి నీళ్లిచ్చి, పక్కనే కూర్చున్నాను. తెల్లవారుజామున వాడు "పడుకోరా, పొద్దున నీకు క్లాసుంది" అన్నాడు. రెండేళ్లు నేను నవ్వినందుకు వాడు ఒక్కమాట కూడా అనలేదు. ఈ వ్యాసం వాడికి చూపించి, అనుమతి తీసుకునే ఇస్తున్నాను. వాడు ఒక్కటే అడిగాడు.

"పేరు మాత్రం వెయ్యకురా. ఇంట్లో చెల్లికి సంబంధాలు చూస్తున్నారు."

వాడి పేరు ధైర్యంగా అచ్చువేసుకోగల రోజు వచ్చేదాకా ఈ జబ్బు ఒక్క రక్తంలోనే ఉందని నేను ఒప్పుకోను.